బాబాయ్ రీల్‌కి లక్షలొస్తాయా? పాత సముద్రపు ఫిషింగ్ రీల్స్ అసలు కథ

ఈ వారం ఎపిసోడ్ రీల్స్ మీద అని ముందే పోస్టు పెట్టాను కదా. కింద కామెంట్లు చూస్తే ఒకటే నవ్వు. "బ్రో, ఉద్యోగం మానేసింది డాన్సులేయడానికా?" అని అడిగారు ఒకాయన. ఆ రీల్స్ కాదండీ బాబూ. ఇదిగో, ఈ రీల్.

కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. కిలో పైనే బరువుంటుంది. రెండు పక్కలా మెరూన్ రంగు పలకలు, వాటి చుట్టూ తెల్లటి లోహపు రింగులు, మధ్యలో దారం చుట్టుకునే స్పూలు. కుడి పక్కన తిప్పడానికి పిడి ఉంది. ఆ పిడి మొదట్లో నక్షత్రం ఆకారంలో ఒక చిన్న చక్రం కనిపిస్తోందా? దాన్ని గుర్తు పెట్టుకోండి. ఈ ఎపిసోడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇది పెన్ కంపెనీ సెనేటర్ రీల్, సైజు 6/0. పెద్ద గాలపు కర్రకి బిగించి, సముద్రంలో పెద్ద చేపల్ని పట్టడానికి చేసింది. ఐనవిల్లిలో మనకి తెలిసిన చేపల వేట అంటే కాలవలో గాలాలు, చెరువులు, వరదొచ్చినప్పుడు గోదాట్లో పులస కోసం వేసే వలలు. మరి ఈ అమెరికా సరుకు ఇక్కడికెలా వచ్చింది? కువైట్ నుంచి. కోనసీమలో వీధికి రెండిళ్ళు గల్ఫ్ ఇళ్ళే కదా. మా బాబాయ్ కూడా అక్కడ ఒక పెద్దింట్లో చాలా ఏళ్ళు డ్రైవర్‌గా చేశాడు. ఆ ఇంటి పెద్దాయనకి బోటు ఉండేది, వంజరం వేటకెళ్తూ బాబాయ్‌ని కూడా తీసుకెళ్ళేవాడట. బాబాయ్ తిరిగొచ్చేసే రోజున చేతిలో ఈ రీల్ పెట్టాడు. అప్పట్నుంచి అది లుంగీలో చుట్టి అటక మీదే ఉంది.

పోయిన నెల బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీకు ఇలాంటివి తెలుసు కదా. మన రీల్‌కి నాలుగు లక్షలిస్తామంటున్నార్రా. ముందు ఫైలు చార్జీ ఆరు వేల అయిదొందలు కట్టాలంట. పంపేయమంటావా?"

నాకు గుండె ఆగినంత పనైంది. ట్రాక్టర్ బొమ్మున్న అయిదు రూపాయల నోటుకి లక్షలు అంటూ తిరిగే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అదే బాపతు. ముందు కమీషన్ అంటారు, తర్వాత ట్యాక్స్ అంటారు, తర్వాత రిజర్వ్ బ్యాంక్ పర్మిషన్ అంటారు. పాత నోట్లు, నాణేల పేరుతో తమ పేరు వాడుకుని జరుగుతున్న ఈ మోసాల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చి హెచ్చరించింది. కొనేవాడు డబ్బిస్తాడు గానీ అమ్మేవాడిని అడగడు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

"పంపకు బాబాయ్, నేను వస్తున్నా" అని చెప్పి వాళ్ళింటికెళ్ళాను. అక్కడ బాబాయ్ అడిగిన రెండో ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "సరే, వాళ్ళు దొంగలు. మరి దీని అసలు విలువెంత?" స్లాబు వేసిన అప్పు ఇంకా తీరలేదు, మనిషి ఆశపడ్డాడు. ఏదో ఒకటి చెప్పేసి రాలేను. అందుకే నెల రోజులు దీని వెనకే పడ్డాను. నాకు అర్థమైంది ఇవాళ మీకు చెప్తాను.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. దారం చివర పెద్ద చేప పడింది అనుకోండి. ట్యూనా గానీ, మనవాళ్ళు కొమ్ముకోనాం అనే మార్లిన్ గానీ. అది లాగుతుంది. మీరు గట్టిగా పట్టుకుంటే దారం తెగుతుంది, లేదా మీ చెయ్యి తెగుతుంది. వదిలేస్తే చేప పోతుంది. అంటే వదలాలి, కానీ ఊరికే వదలకూడదు. బిగువు పెడుతూ వదలాలి. చేప ప్రతి మీటరు దారాన్నీ కష్టపడి సంపాదించుకోవాలి. అలా అలిసిపోయేలా చెయ్యాలి. రీల్ అంటే దారం చుట్టే చక్రం అనుకుంటాం కదా? పెద్ద చేపల రీల్‌కి అది చిన్న పని. అసలు పని బ్రేకు వెయ్యడం.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా కాటలీనా అని ఒక దీవి ఉంది. అక్కడ పడవల వాళ్ళు పెద్ద పెద్ద చేపల్ని చేతి తాళ్ళతోనే లాగేవారు. చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ఆయన 1898 జూన్‌లో అక్కడే కర్ర, రీల్‌తో 183 పౌన్ల ట్యూనాని పట్టాడు. అంటే 83 కిలోలు. దాదాపు నాలుగు గంటలు పోరాడాల్సి వచ్చింది. అదే ఏడాది అవలాన్ ఊళ్ళో ట్యూనా క్లబ్ పెట్టారు. సముద్రంలో పెద్ద చేపల్ని కర్ర, రీల్‌తో పట్టే ఆట ఒక పద్ధతిగా మొదలైంది అక్కడే అంటారు.

మరి ఆ రోజుల్లో రీల్ ఎలా ఉండేది? స్పూలుకి పిడి నేరుగా బిగించి ఉండేది. చేప పరిగెత్తితే స్పూలు వెనక్కి తిరుగుతుంది, దాంతోపాటు పిడి కూడా గిర్రున తిరుగుతుంది. మన బావి గిలక చేతిలోంచి జారితే చేద ఎలా దూసుకుపోతుందో, అలా. వేలు అడ్డం పెడితే ఎముక విరగాల్సిందే. అందుకే వాటికి వేళ్ళు విరిచే రీళ్ళు అనే పేరొచ్చింది. మరి బ్రేకో? స్పూలు మీద ఒక తోలు ముక్క, దాని మీద మీ బొటనవేలు. అంతే. నాలుగు గంటలు బొటనవేలితో బ్రేకు!

దీన్ని మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు విలియం బోషెన్. ఈయన ట్యూనా క్లబ్ సభ్యుడు. రీల్ లోపలే బ్రేకు ఉండాలి, చేప దారం లాక్కెళ్తున్నా పిడి మాత్రం వెనక్కి తిరగకూడదు అన్నది ఆయన ఆలోచన. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో జూలియస్ వామ్ హోఫ్ అనే పనివాడు దాన్ని చేసి చూపించాడు. అలాంటి రీల్‌తోనే బోషెన్ 1913లో 355 పౌన్ల కత్తి చేపని పట్టాడు. కర్ర, రీల్‌తో కత్తి చేపని పట్టడం అదే మొదటిసారి. ఆ రీల్‌కి బీ-ఓషన్ అని పేరు పెట్టారు. బోషెన్, బీ-ఓషన్. ఆయన పేరులోనే సముద్రం దొరికింది చూశారా!

ఆ బ్రేకుని బిగించే చక్రమే ఇందాక చూపించిన ఈ నక్షత్రం. దీన్ని స్టార్ డ్రాగ్ అంటారు. లోపల ఎలా పని చేస్తుందో చెప్పాలంటే మీ బైక్ చాలు. బైక్ క్లచ్ ఎప్పుడైనా విప్పించారా? మెకానిక్ అన్న లోపల్నుంచి పళ్ళేల్లాంటివి ఒకటొకటిగా తీస్తాడు. ఒకటి రాపిడి ప్లేటు, ఒకటి స్టీలు ప్లేటు, మళ్ళీ రాపిడి, మళ్ళీ స్టీలు. స్ప్రింగులు వాటిని కలిపి నొక్కితే ఇంజన్ శక్తి చక్రానికి వెళ్తుంది. వదులు చేస్తే జారుతుంది. ఇందులోనూ అదే లెక్క. పెద్ద గేరు లోపల వాషర్ల దొంతర ఉంటుంది. కొన్ని గేరుతో తిరుగుతాయి, కొన్ని పిడి ఇరుసుతో తిరుగుతాయి. నక్షత్రం బిగిస్తే అవి ఒకదానికొకటి ఒత్తుకుంటాయి, వదులు చేస్తే జారతాయి. పాత రీళ్ళలో ఆ రాపిడి వాషర్లు తోలువి. ఇప్పుడు కార్బన్ ఫైబర్‌వి వస్తున్నాయి. వందేళ్ళు దాటినా ఆలోచన మాత్రం అదే.

ఈ బ్రేకు కథలో ఏ రీల్ ఎక్కడ నిలబడుతుంది అన్నదే కలెక్టర్ల మార్కెట్‌లో సగం విలువ. మిగతా సగం, ఆ రీల్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అన్నది.

పై వరుసలో ఎవరున్నారో చూద్దాం. జూలియస్‌కి ఎడ్వర్డ్ వామ్ హోఫ్ అని అన్నదమ్ముడు ఉన్నాడు. ఆయనది న్యూయార్క్‌లోనే వేరే షాపు. ఆ షాపు రీళ్ళంటే కలెక్టర్లు పడి చచ్చిపోతారు. నల్లటి గట్టి రబ్బరు పలకలు, జర్మన్ సిల్వర్ రింగులు. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో వెండి ఇసుమంత కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. ఎవరైనా వెండి రీల్ అని చెప్పి అమ్మబోతే నవ్వి వచ్చేయండి.

ఆ నల్లటి గట్టి రబ్బరు గురించి మన గోదారి వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాని పేరే ఎబొనైట్. రాజమండ్రి రత్నం పెన్నులు ఏంటనుకున్నారు మరి? ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చేసినవే. రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికిస్తే అలా రాయిలా తయారవుతుంది. మా తాతయ్య రత్నం పెన్ను మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, గంధకం వాసన వస్తుంది. ఎండ తగిలితే నలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. పాత రీళ్ళకీ అచ్చం ఇవే గుర్తులు. అసలు ఎబొనైటో, తర్వాత ఎవరో తగిలించిన ప్లాస్టిక్కో చూడ్డానికి ఇది పనికొస్తుంది. రత్నం పెన్నుల కంపెనీ మొదలైంది 1932లో. బాబాయ్ రీల్ చేసిన పెన్ కంపెనీ ఫిలడెల్ఫియాలో మొదలైందీ అదే 1932లో! అక్కడ పెన్ను, ఇక్కడ పెన్. ఇది నేను కల్పించింది కాదండోయ్.

ఎడ్వర్డ్ వామ్ హోఫ్ తర్వాత చెప్పుకునేవి ఇంగ్లండ్ అన్విక్‌లోని హార్డీ కంపెనీ వాళ్ళ జేన్ గ్రే రీళ్ళు. జేన్ గ్రే కౌబాయ్ నవలలు రాసిన పెద్ద రచయిత. ఆ రాబడి అంతా సముద్రంలోనే పోశాడు. 1930లో తాహితి దగ్గర 1,040 పౌన్ల మార్లిన్‌ని లాగాడు, అదీ సొరచేపలు కొంత కొరికేశాక తూచిన బరువు. హాలీవుడ్‌లో కొవలోవ్‌స్కీ అనే ఆయన చేసిన రీళ్ళు, మయామీ నుంచి వచ్చిన బంగారు రంగు ఫిన్-నార్ రీళ్ళు కూడా ఈ వరుసలోవే. ఇవన్నీ తక్కువ సంఖ్యలో, ఎక్కువ చేతిపనితో, డబ్బున్నవాళ్ళ కోసం చేసినవి. మంచి స్థితిలో దొరికితే డాలర్లలో వేలు పలికేవి వీటిలోనే ఉంటాయి.

మరి బాబాయ్ రీల్? పెన్ కంపెనీ పెట్టిన ఆటో హెంజె జర్మనీ నుంచి వలస వచ్చిన మెకానిక్. ఓషన్ సిటీ అనే రీళ్ళ కంపెనీలో పని చేసి, బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. 1936లో సెనేటర్ తెచ్చాడు. ఆయన గొప్పతనం ఎక్కడంటే, కోటీశ్వరుల రీల్‌లో ఉన్న అదే నక్షత్రపు బ్రేకుని మామూలు మనిషి కొనుక్కోగలిగే ధరకి ఇచ్చాడు. ఎక్కువ సంఖ్యలో, విడి భాగాలు దొరికేలా. అందుకే సెనేటర్లు ప్రపంచంలో ప్రతి రేవుకీ చేరాయి, కువైట్‌తో సహా. అందుకే వాటికి లక్షలు రావు కూడా. అందరి దగ్గరా ఉన్న దాన్ని ఎవడు లక్షలు పోసి కొంటాడు చెప్పండి?

ఇప్పుడు స్థితి సంగతి. ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి ఒప్పుకోవాలి.

రీల్ ఇంటికి తెచ్చిన రోజే, వీడియోలో తళతళలాడాలి కదా అని, అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి, పీచు పెట్టి తోమేశాను. రింగులు ఇత్తడివి, పైన క్రోమ్ పూత. మన ఉప్పు గాలికి ఆ పూతకి ముందే చిల్లులు పడి, కింద చిలుము పట్టి ఉంది. నేను తోమేసరికి ఆ చోట్లన్నీ పెచ్చులుగా లేచిపోయాయి. ఇదిగో, ఈ పసుపు మచ్చలన్నీ నా పుణ్యమే. తర్వాత చదివితే తెలిసింది, కలెక్టర్లు చెప్పే మొదటి సూత్రమే అది: మెరిపించొద్దు. పాత రంగు, పాత మచ్చ అలాగే ఉండాలి. ఒకసారి రుద్దేస్తే మళ్ళీ రాదు. బాబాయ్ మాత్రం చూసి, "కొత్తదిలా ఉందిరా!" అని సంబరపడ్డాడు. నాకు ఇంకా సిగ్గేసింది.

కాబట్టి మీ ఇంట్లో గానీ, ఎర్రగడ్డ ఆదివారం మార్కెట్‌లో గానీ ఇలాంటిది కనబడితే ఏం చెయ్యాలో వినండి. మెత్తటి బట్ట, మంచినీళ్ళు, పూర్తిగా ఆరబెట్టడం, లోపల కదిలే చోట ఒక చుక్క నూనె. అంతే. కొనే ముందు స్క్రూల తలలు చూడండి. గాట్లు చెదిరిపోయి ఉంటే ఎవరో సరికాని స్క్రూడ్రైవర్‌తో విప్పారని అర్థం, లోపల భాగాలు మారి ఉండొచ్చు. పిడి దానిదేనా, వేరే రీల్‌దా అని చూడండి. కంపెనీ పేరు, సైజు ఎక్కడ చెక్కారో చూడండి. పెట్టె, కాగితం, రెంచి దొరికితే అస్సలు పారేయకండి. దాచేటప్పుడు నక్షత్రాన్ని వదులు చేసి పెట్టండి, లేదంటే లోపలి వాషర్లు అణిగిపోయి అతుక్కుంటాయి.

ఇంకొక విషయం చాలామందికి తెలీదు. బాగా పాత రీళ్ళకి నైలాన్ దారం చుట్టకూడదు. ఆ రీళ్ళు చేసిన రోజుల్లో నార దారాలు వాడేవారు. రోజూ వేట అయ్యాక విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ వాడకం బాగా పెరిగింది. నైలాన్ సాగుతుంది. సాగిన దారాన్ని బిగువుగా చుట్టేస్తే, అది తిరిగి కుంచించుకుంటూ స్పూలుని నొక్కుతుంది. వందల చుట్లు కలిసి నొక్కితే పాత స్పూళ్ళు వంగిపోయేవి, పగిలిపోయేవి కూడా. చూడ్డానికి మెత్తటి దారం, లోహాన్నే విరిచేసింది.

దేశం బయట నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకుందాం అనుకునేవాళ్ళకి ఒక మాట. రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే రీల్ ధరని దాటిపోవచ్చు. ముందు లెక్క వేసుకోండి.

సరే, ఇంత చెప్పాను గానీ ఈ బ్రేకు నిజంగా ఎలా పని చేస్తుందో చూడాలని కదా మనకి? అందుకే మా కాలవ గట్టు మీద ఒక పరీక్ష చేశాం. రీల్‌ని ఒక కర్రకి బిగించి, కర్రని కొబ్బరి చెట్టుకి కట్టేశాం. పరీక్ష కోసం మాత్రమే, వదులుగా, కొత్త దారం చుట్టాను. దారం మీద రాసిన బలం 18 కిలోలు. వేటగాళ్ళు దారం బలంలో మూడో వంతుకి మించకుండా బ్రేకు పెడతారు. నేను ఇంకా తగ్గించి 4 కిలోలకి పెట్టాను. దారం చివర వేలాడదీసే కాటా, ఆ కాటాని మా తమ్ముడి బైక్‌కి కట్టాం.

బైక్ కదిలింది. రీల్ గర్రుమంది. దారం పోతోంది, పిడి మాత్రం కదల్లేదు. చెయ్యి పెట్టి చూశాను కూడా. కాటా మీద 4 కిలోలు. అంతవరకూ బాగుంది.

బైక్ దాదాపు 400 మీటర్లు వెళ్ళాక ఆపి చూస్తే కాటా ఆరున్నర చూపిస్తోంది! నక్షత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి బిగువు ఎలా పెరిగింది? బీటెక్ మొదటి సంవత్సరం గుర్తు చేసుకోండి. బ్రేకు ఇచ్చేది టార్క్, తిరుగుడు మీద పట్టు. అది మారలేదు. దారం మీద బిగువు కావాలంటే ఆ టార్క్‌ని చుట్ట వ్యాసార్ధంతో భాగించాలి. మొదట దారం చుట్ట అడ్డంగా ఏడున్నర సెంటీమీటర్లు ఉంది. దారం పోయేకొద్దీ సన్నబడి నాలుగున్నరకి వచ్చింది. వ్యాసార్ధం తగ్గితే బిగువు పెరుగుతుంది. 4ని 7.5తో గుణించి 4.5తో భాగించండి, 6.7 వస్తుంది. కాటా ఆరున్నర అంది. నా బీటెక్ ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది.

అర్థమైందా ఎంత ప్రమాదమో? చేప ఎంత దూరం పోతే దారం అంత బిగుస్తుంది. తెలీనివాడు, అయ్యో దారం అయిపోతోందని నక్షత్రాన్ని ఇంకా బిగిస్తాడు. ఫట్. తెలిసినవాడు దారం తగ్గేకొద్దీ బ్రేకు వదులు చేస్తాడు. అంతా పోతోంది అనిపించినప్పుడే ఇంకొంచెం వదలాలి.

ఈ లెక్క నాకు అర్థమవ్వడానికి ఒక రీల్, కాటా, బైక్ కావాల్సి వచ్చాయి. కానీ లెక్క లేకుండానే తెలిసిన మనిషిని తర్వాతి వారం కలిశాను.

అమలాపురం దాటి ఓడలరేవు వెళ్ళాను, సముద్రం దగ్గర నాలుగు షాట్లు తీసుకుందామని. అక్కడ వలలు బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన రీల్ చూసి పిలిచాడు. వయసులో ఉండగా కాకినాడ వైపు పడవల్లో చేతి గాలంతో ట్యూనా వేటకి వెళ్ళేవాడట. రీల్ చేతిలోకి తీసుకుని, దారం చివర పట్టుకుని లాగాడు. గర్రుమంది. మళ్ళీ లాగాడు. నక్షత్రాన్ని కొంచెం తిప్పి మళ్ళీ లాగాడు. ఎవరూ చెప్పకుండానే అది దేనికో ఆయనకి అర్థమైపోయింది.

"తాతా, మీరు దీన్ని చేత్తో ఎలా చేసేవారు?" అని అడిగాను.

ఆయన మాట్లాడకుండా రెండు అరచేతులూ తెరిచి చూపించాడు. వేళ్ళ మడతల దగ్గర అడ్డంగా తెల్లటి గీతలు. పాత గాయాలు. "సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కునేవోళ్ళం బాబూ. అయినా కోసేసేది. ఇచ్చుకుంటా పోవాలి. దూరం పోయేకొద్దీ ఇంకా మెత్తగా ఇవ్వాలి. బిగపట్టావో, అది పోద్ది. లేకపోతే నువ్వు పోతావు."

దూరం పోయేకొద్దీ మెత్తగా. నేను కాటాతో కొలిచింది ఆయన చేతులు ఎప్పుడో కొలిచేశాయి.

చివర్లో అన్న మాట ఊరికే అన్నది కాదండీ. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకెళ్ళిన ఒక మత్స్యకారుడిని పెద్ద కొమ్ముకోనాం సముద్రంలోకి లాగేసిందని, ఆయన గల్లంతయ్యాడని వార్తల్లో చూశాం. చేతికీ చేపకీ మధ్య దారం తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ బరువంతా మనిషి మీదే పడుతుంది. హెమింగ్వే 1952లో రాసిన నవలలోని ముసలి జాలరి గుర్తున్నాడా? అతని దగ్గరా రీల్ లేదు. చేతి తాడే, తెగిన అరచేతులే. రాసిన హెమింగ్వే మాత్రం సొంత బోటు మీద మంచి మంచి రీళ్ళతో వేటాడేవాడు. ఆయనకి ఆ రెండింటి మధ్య తేడా ఏంటో బాగా తెలుసు.

అయితే ఇలాంటి రీల్ ఇస్తే మన మత్స్యకారుల కష్టం తీరిపోతుందా? అలా అనడం లేదు. ఈ రీల్ సరదా వేటకి చేసింది. ఒక చేప మీద నాలుగు గంటలు పెట్టే తీరిక ఉన్నవాడి పరికరం. పొట్ట కోసం వెళ్ళేవాడికి ఒక్క రాత్రిలో ఎన్నో గాలాలు చూసుకోవాలి, డీజిల్ ఖర్చు రావాలి. రెండు వేటలూ వేరు. నేను చెప్పేదల్లా ఒకటే. ఈ వస్తువు దేన్ని తప్పించడానికి పుట్టిందో తెలియకుండా దీన్ని షెల్ఫులో పెట్టుకుంటే, అది కిలో ఇత్తడి మాత్రమే. ఆ పెద్దాయన అరచేతులు చూశాక నాకు రీల్ అంటే ఏంటో తెలిసింది.

ఇక బాబాయ్‌కి జవాబు చెప్పాలి కదా. పోయిన ఆదివారం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "బాబాయ్, లక్షలు కాదు. ఇలాంటివి బోలెడు ఉన్నాయి. మంచి స్థితిలో ఉంటే కొన్ని వేలు రావచ్చు. ఇప్పుడు నేను తోమేశాను కాబట్టి అందులోనూ కొంత తగ్గింది. తప్పు నాదే."

కాసేపు ఏమీ అనలేదు. ఆశ పెట్టుకున్న మనిషి మొహం అది, నేను చూడలేకపోయాను. పిన్ని టీ తెచ్చింది. తాగుతూ అడిగాడు: "ఆ ఆరు వేల అయిదొందలు పంపుంటే?"

"పోయేవి బాబాయ్."

"అయితే అవి మిగిలినట్టే కదా" అన్నాడు. తర్వాత రీల్ చేతిలోకి తీసుకుని, దారం పట్టుకుని లాగాడు. గర్రుమంది. "ఈ చప్పుడు విని ఎన్నాళ్ళైందో. పడవలో ఇది వినబడితే చాలు, ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా అరిచేవాడు" అని చెప్పుకొచ్చాడు. కువైట్‌లో అన్నేళ్ళున్నా బాబాయ్ అక్కడి సంగతి నవ్వుతూ చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

అమ్మనన్నాడు. అటక మీద కూడా పెట్టనన్నాడు. ఇప్పుడు టీవీ పక్కన ఉంది. నక్షత్రం వదులు చేసి పెట్టాం.

మీ ఇళ్ళల్లో గల్ఫ్ నుంచో, ఓడల మీద పనిచేసిన తాతల నుంచో వచ్చిన ఇలాంటి పాత పరికరాలేమైనా ఉంటే ఫోటో పంపండి. తోమకుండా పంపండి! ధర నేను చెప్పలేను గానీ, అది దేనికోసం పుట్టిందో కలిసి తెలుసుకుందాం. ఎవరైనా ముందు డబ్బు కట్టమంటే మాత్రం ఒక్క పైసా పంపకండి, ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఈ మాట చెప్పండి. వచ్చే వారం ముక్తేశ్వరం రేవులో కలుద్దాం. అక్కడ్నుంచి కోటిపల్లికి దాటించే పంటు అంత బరువుతో ఎలా తేలుతుందో చూద్దాం. ఉంటానండీ మరి.